సంక్రాంతి నుంచి మృగశిర దాకా: నెల్లూరు, ప్రకాశం ఇళ్లలో ద్రాక్ష పందిరి, దాని నీడన పూలమొక్కలు

ద్రాక్ష సాగు గురించి మనకు దొరికే పుస్తకాలు, కరపత్రాలు చాలావరకు మహారాష్ట్ర తోటలను దృష్టిలో పెట్టుకుని రాసినవి. నాసిక్, సాంగ్లి ప్రాంతాల రైతులు ఏడాదికి రెండుసార్లు తీగను కత్తిరిస్తారు: ఏప్రిల్‌లో కొమ్మ పెరగడానికి, అక్టోబరులో కాపు రావడానికి. అక్కడ అక్టోబరు నాటికి వానలు వెనుకబడతాయి కనుక ఆ లెక్క చక్కగా కుదురుతుంది. నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో మాత్రం సరిగ్గా అప్పుడే ఈశాన్య రుతుపవనాలు మొదలై, డిసెంబరు దాకా ఒకదాని వెనుక ఒకటిగా వాయుగుండాలు వస్తుంటాయి. పుస్తకంలో ఉన్నది కదా అని దసరాకు తీగ కత్తిరిస్తే, దీపావళి నాటికి లేత చిగుళ్ల మీద ముసురు పట్టి, ఆకు అడుగున తెల్లని బూజు కమ్మి, పూత గుత్తులు గోధుమరంగుకు తిరిగి ఎండిపోతాయి.

కాబట్టి మన ఇళ్లలో కాపు కోసం చేసే కత్తిరింపు సంక్రాంతి వెళ్లాకే చేయాలి. తమిళనాడులో తేని జిల్లా కంబం లోయ రైతులు వేసవి పంటకు డిసెంబరు, జనవరి నెలల్లో కత్తిరించి, ఏప్రిల్, మే నెలల్లో కాయ కోస్తారు. మనం అనుసరించదగిన క్యాలెండరు అదే. ఆ కంబం పన్నీరు ద్రాక్షకు 2023లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది; మార్కాపురం పక్కనున్న మన కంబంగా దానిని పొరబడకండి.

ఈ క్యాలెండరును పట్టుకుంటే పూలమొక్కలకు కూడా మేలు జరుగుతుంది. జనవరిలో కత్తిరించిన పందిరి బోసిగా ఉంటుంది కనుక మాఘమాసపు లేత ఎండ నేల మీద నేరుగా పడి, అప్పుడే మొలిచిన బంతి నారుకు కావలసిన వెలుగు అందుతుంది. ఫాల్గుణం చివరికి ఆకు కమ్ముకుని, చైత్ర వైశాఖాల్లో మొక్కలకు నీడ అవసరమైన వేళకు పందిరి దానంతట అదే మూసుకుంటుంది. పందిరి ఎప్పుడు తెరుచుకుంటుందో, ఎప్పుడు మూసుకుంటుందో చూసుకుని దాని కింద ఏ పూలు పెట్టాలో నిర్ణయించుకోవడమే ఈ వ్యాసంలో చెప్పబోయే పద్ధతి.

తీగ ఇంకా లేనివారు మొదట చేయవలసినవి

ఇంటికి పడమటి వైపు స్థలం ఉంటే పందిరికి అదే మంచిది. వేసవిలో మనలను, మొక్కలను ఎక్కువగా బాధించేవి పడమటి ఎండ, పడమటి వడగాలి. ఆ వైపు పందిరి ఉంటే గోడ కూడా చల్లబడుతుంది. పది అడుగుల పొడవు, పది అడుగుల వెడల్పు, ఏడడుగుల ఎత్తు ఉంటే ఒక తీగకు చాలు. కోస్తా మండలాల్లో సరుగుడు కర్రలు సులభంగా దొరుకుతాయి గాని, నేలలో పాతిన భాగం నాలుగేళ్లు తిరక్కుండానే పుచ్చిపోతుంది. ద్రాక్ష తీగ ఇరవై ఏళ్లకు పైగా బతుకుతుంది కనుక మొదటే ఇనుప గొట్టాలో, రాతి స్తంభాలో వేసుకోవడం నయం. పైన జీఐ తీగను (తుప్పు పట్టకుండా జింకు పూత వేసిన ఇనుప తీగను) అడుగున్నరకు ఒక వరుస చొప్పున అటూ ఇటూ బిగించండి. కాయలు, ఆకులు, కొమ్మలు కలిసి చాలా బరువవుతాయి కాబట్టి ఈ బిగింపులో వదులు పనికిరాదు.

రకం విషయంలో నా సలహా సూటిగా చెబుతాను: గింజలేని థాంప్సన్ సీడ్‌లెస్ జోలికి వెళ్లకండి. దాని గుత్తులను జిబ్బరెల్లిక్ ఆమ్లం అనే పెరుగుదల మందులో ముంచితే తప్ప కాయ పెద్దది కాదు, తెగుళ్లు కూడా దానిని తొందరగా పట్టుకుంటాయి. హైదరాబాదు పేరు నిలబెట్టిన అనాబ్-ఎ-షాహీ కాయ అందంగా ఉంటుంది, కాని బూజు తెగులుకు అది సున్నితం. మన ఇళ్లకు పనికివచ్చేవి రెండే: ఒకటి పన్నీరు ద్రాక్ష, అంటే మస్కట్ హాంబర్గ్, రెండవది బెంగళూరు బ్లూ. తోలు మందంగా, వాసన ఘాటుగా ఉండే బెంగళూరు బ్లూ కొన్ని తెగుళ్లను బాగా తట్టుకుంటుంది. మండుటెండలో గుత్తిలోని కాయలన్నీ ఒకేసారి రంగు తిరగకపోవడం దాని లోపం. కడియం నర్సరీల మొక్కలను వీధుల్లో బండి మీద తెచ్చి అమ్మేవారి దగ్గర "ద్రాక్ష" అన్న ఒక్క మాటే తప్ప రకం పేరు చెప్పేవారు తక్కువ. పేరు చెప్పలేని మొక్కను కొనకండి.

మీ బోరు నీరు ఉప్పగా ఉంటే డాగ్‌రిడ్జ్ అనే వేరుమొక్క మీద అంటుకట్టిన తీగను తెప్పించుకోవడం మేలు. ఉప్పునూ నీటి ఎద్దడినీ తట్టుకోగలదని మహారాష్ట్ర, కర్ణాటక తోటల్లో దానిని విస్తారంగా వాడుతున్నారు.

గొయ్యి రెండున్నర అడుగుల లోతు, అంతే వెడల్పు ఉండాలి. ఇక్కడినుంచి నేలను బట్టి పద్ధతి మారుతుంది. ఒంగోలు, అద్దంకి వైపు నల్లరేగడిలో నీరు నిలుస్తుంది కనుక గొయ్యి అడుగున గులకరాళ్లు పరచి, మట్టిలో మూడోవంతు ఇసుక కలిపి, మొక్కను నేలమట్టానికి అరడుగు ఎత్తున గట్టు మీద నాటాలి. కొత్తపట్నం, మైపాడు వంటి తీరపు ఇసుక నేలల్లో దీనికి పూర్తిగా వ్యతిరేకం: అక్కడ నీరూ ఎరువూ నిలవవు, కాబట్టి వేసవిలో తవ్వి తోలే చెరువు మట్టిని సగానికి సగం కలపండి. పొదలకూరు, ఆత్మకూరు వైపు ఎర్ర నేలలకు ఇంత శ్రమ అక్కరలేదు. ఎక్కడైనా సరే, గొయ్యికి రెండు తట్టల చివికిన పశువుల ఎరువు, అరకిలో వేపపిండి తప్పనిసరిగా వేయండి.

నాటడానికి జనవరి, ఫిబ్రవరి నెలలు అనుకూలం. మార్చి దాటితే ఆగి, జూన్, జూలైలలో తొలకరి తర్వాత నాటండి. వేరు పట్టని మొక్కను రోహిణి కార్తెకు అప్పగించడం వృథా. నాటాక మొదటి ఏడాది చేయవలసింది ఒక్కటే: ఒకే కాండాన్ని తాడు కట్టి నిటారుగా పైకి పాకించి, పక్క చిగుళ్లను గిల్లివేస్తూ, పందిరికి జానెడు దిగువన దాని కొనను తుంచడం. అప్పుడు వచ్చే రెండు చిగుళ్లను చెరొక వైపు తీగల మీద పాకించి, వాటి నుంచి అడుగున్నరకు ఒకటి చొప్పున పక్క కొమ్మలను నిలుపుకోవాలి. మొదటి ఏడాదే గుత్తి కనిపిస్తే మనసు రాయి చేసుకుని తీసివేయండి.

సంక్రాంతి తర్వాతి కత్తిరింపు

తీగ పందిరి నిండా అల్లుకున్నవారు జనవరి మూడు, నాలుగు వారాల్లో ఈ పనికి దిగవచ్చు. వాయుగుండం వార్త ఏదీ లేని, పొడిగా ఉన్న రోజును చూసుకోండి. కత్తెర పదునుగా ఉండాలి. మొద్దు కత్తెర కొమ్మను నలిపివేస్తుంది, నలిగిన చోట తెగులు దూరుతుంది.

ఏ కొమ్మను ఎక్కడ కత్తిరించాలో తెలియక చాలామంది పైపైన ఆకులు కోసి ఊరుకుంటారు. అలా చేస్తే పందిరి నిండా ఆకే తప్ప కాయ కనబడదు. ముందుగా మిగిలిన ముదురు ఆకులన్నింటినీ చేత్తో దూసివేసి, బోసి కొమ్మలను పరిశీలించండి. ఆకుపచ్చగా, మెత్తగా ఉన్నవి ఈ ఏడాది కాపునివ్వవు. వాటిని మొదలు దగ్గర ఒకటి రెండు కన్నులు, అంటే చిగురు పుట్టే మొగ్గలు, ఉంచి కోసివేయాలి. గోధుమరంగు తిరిగి, పెన్సిలంత లావుగా, వంచితే బిరుసుగా తగిలేవి కాపు కొమ్మలు. పన్నీరు ద్రాక్షలో వీటికి మొదటి నుంచి నాలుగైదు కన్నులు, బెంగళూరు బ్లూలో మూడు నాలుగు కన్నులు లెక్కపెట్టి, చివరి కన్నుకు వేలెడంత పైన ఏటవాలుగా కత్తిరించాలి. ఎండు కొమ్మలను, ఒకదాని మీద ఒకటి పడి రాసుకునేవాటిని మొదలంటా తీసివేయండి. పని పూర్తయ్యేసరికి పందిరి మీద పదోవంతు కూడా మిగలలేదని ఇంట్లో పెద్దవారు కేకలు వేయవచ్చు, కాని మిగలవలసినది అంతే.

కత్తిరించిన మర్నాడు ఉదయం వెళ్లి చూడండి. ప్రతి కొమ్మ కొనా ఒక నీటి బొట్టును మోస్తూ ఉంటుంది. అది జారి కింద పడగానే మరొకటి ఊరి, కాసేపు వేలాడి, మళ్లీ జారుతుంది. వేళ్లు మేలుకుని నీటిని పైకి నెడుతున్నాయనడానికి అది గుర్తు. దానిని చూసి కంగారు పడి కొనలకు మైనం, సిమెంటు పూయవలసిన పని లేదు. కొద్ది రోజుల్లో అదే ఆగిపోతుంది.

ఆపైన చేయవలసింది తెగుళ్లు రాకుండా కొట్టే బోర్డో మిశ్రమం పిచికారీ. ఒక ప్లాస్టిక్ బకెట్‌లో 5 లీటర్ల నీటిలో 100 గ్రాముల మైలుతుత్తాన్ని, మరొక ప్లాస్టిక్ బకెట్‌లో 5 లీటర్ల నీటిలో 100 గ్రాముల సున్నాన్ని కరిగించండి. ఇనుప పాత్రలు వాడరాదు. సున్నపు తేటను గుడ్డతో వడగట్టి, మైలుతుత్తం నీటిని దానిలో సన్నని ధారగా పోస్తూ కర్రతో కలుపుతూ ఉండండి. కలిపాక తళతళలాడే మేకునో చాకునో అందులో నిమిషం సేపు ముంచి తీయండి. దాని మీద ఎర్రటి రాగి పూత కనబడితే సున్నం చాలలేదని అర్థం, ఇంకొంచెం కలపాలి. ఈ మందును కలిపిన రోజే, కన్నులు పగలకముందే, కాండమూ కొమ్మలూ తడిసేలా కొట్టండి. లేత చిగుళ్ల మీద కొట్టవలసి వస్తే మైలుతుత్తం, సున్నం పాళ్లు రెండూ సగానికి తగ్గించుకోవాలి.

తీగ మొదలుకు రెండడుగుల దూరంలో చుట్టూ లోతు తక్కువగా పాదు తీసి, రెండు మూడు తట్టల పశువుల ఎరువు, కిలో వేపపిండి వేసి, నిండుగా నీరు పెట్టండి. పొటాష్ ఎరువు వేయదలచినవారు దుకాణంలో తక్కువ ధరకు దొరికే మ్యూరియేట్ ఆఫ్ పొటాష్‌ను కాక సల్ఫేట్ ఆఫ్ పొటాష్‌ను అడగాలి. మొదటి దానిలో క్లోరైడు ఉంటుంది, మన బోరు నీటిలో అది ఇప్పటికే కావలసినదాని కంటే ఎక్కువ.

మాఘం, ఫాల్గుణం: చిగురు, పూత

పది పదిహేను రోజులకు కన్నులు ఉబ్బి, దూది లాంటి నూగును చీల్చుకుని గులాబిరంగు అంచున్న చిగురు బయటపడుతుంది. మరో పది రోజులకు మూడో ఆకుకో నాలుగో ఆకుకో ఎదురుగా, ఆవగింజలను గుత్తిగా అంటించినట్టు పూత కనబడుతుంది. గుత్తి లేని చిగుళ్లు ఏవో అప్పటికి తెలిసిపోతుంది కనుక, వాటిలో బలహీనంగా ఉన్నవాటిని గిల్లివేసి, గాలి ఆడేలా చూడండి. ప్రతి కొమ్మకు ఒకటి, బాగా బలమైన దానికి రెండు గుత్తులకు మించి ఉంచకండి.

కత్తిరించిన 40, 45 రోజులకు, అంటే మార్చి మొదటి పక్షంలో, పూత విచ్చుకుంటుంది. ద్రాక్ష పూవు విచ్చుకునే తీరు దగ్గర నుంచి చూడదగినది. ఇతర పూలలా రేకలు పైన విడిపోవు. ఐదు రేకలూ పైన అతుక్కుని చిన్న ఆకుపచ్చ టోపీలా ఉండి, మొదలు దగ్గర ఊడి, మొత్తం టోపీ ఒకేసారి రాలిపోతుంది. దాని కింద నుంచి ఐదు తెల్లని కేసరాలు బయటికి చాచుకుంటాయి. ఉదయం ఎనిమిదింటికి పందిరి కింద నిలబడితే సన్నని తీయని వాసన తెలుస్తుంది, నేల మీద పొట్టులా రాలిన టోపీలు కనబడతాయి. పూత రాలిపోతున్నదని భయపడి మందుల దుకాణానికి పరుగెత్తేవారు చాలావరకు ఈ టోపీలను చూసే పరుగెడతారు. ఇంట్లో పెంచే ఈ రకాలకు తేనెటీగల అవసరం కూడా అంతగా లేదు, పూవు తనకు తానే ఫలదీకరణ చెందుతుంది. ఈ వారం పది రోజులు తీగ మీద నీళ్లు చల్లకండి, ఏ మందూ కొట్టకండి, తీగ మొదలుకు పెట్టే నీరు కూడా కాస్త తగ్గించండి.

ఈ నెలల్లో వచ్చే తెగుళ్లు ప్రధానంగా రెండు. మంచు బాగా కురిసిన ఉదయాల తర్వాత ఆకు పైన నూనె చుక్క పడినట్టు పసుపు మచ్చలు, సరిగ్గా వాటి అడుగున తెల్లని బూజు కనబడితే అది బూజు తెగులు; ఆ ఆకులను తుంచి తగలబెట్టి, సగం మోతాదు బోర్డో కొట్టాలి. ఆకు పైభాగాన, కాయల మీద విభూది చల్లినట్టు ఉంటే అది బూడిద తెగులు. దానికి నీటిలో కరిగే గంధకం లీటరుకు 2 గ్రాములు చాలు. గంధకాన్ని ఎండాకాలం ముదరకముందే, అది కూడా సాయంత్రం పూట, వాడాలి. ఉష్ణోగ్రత 35 డిగ్రీలకు చేరాక కొడితే ఆకు, కాయ రెండూ మాడిపోతాయి, మన దగ్గర మార్చి మధ్యకే పగటి వేడి ఆ అంకెను దాటుతుంది. తెల్లని దూదిలా అంటుకునే పిండినల్లి పురుగు కనబడితే మొదట చీమల బారును వెతకండి; కాండం చుట్టూ చీమలు పైకి పాకకుండా ఆముదం రాసిన గుడ్డ కట్టితే సగం బెడద అక్కడే తీరుతుంది.

పందిరి కింద, పందిరి అంచున పూలు

పందిరి వల్ల ఇంటి ఆవరణ మూడు రకాల చోట్లుగా విడిపోతుంది: పూర్తి నీడ, ఉదయపు ఎండ మాత్రమే పడే అంచు, రోజంతా ఎండ కాసే బయటి భాగం. నర్సరీలో పూవు అందం చూసి మొక్కను కొని, ఇంటికి తెచ్చాక చోటు వెతికేవారే ఎక్కువ. చోటును ముందు చూసుకుని మొక్కను తరువాత కొనండి.

పందిరి కిందికి కనకాంబరం కంటే తగిన పూవు లేదు. చిలకరించినట్టు పడే ఎండలో దాని ఆకు ముదురాకుపచ్చగా, పూవు నిండు రంగుగా ఉంటుంది. నడినెత్తి ఎండలో పెడితే రెండూ వెలిసిపోతాయి. పాత మొక్కకున్న ఎండు వెన్ను మీద నీటి చుక్క వేస్తే కాయలు టప్పున పేలి గింజలు దూరంగా ఎగిరిపడతాయి, కాబట్టి గింజలు సేకరించదలిస్తే వెన్నును గుడ్డలో చుట్టి తడపండి, లేదంటే పిల్లలకు వినోదమే తప్ప మీకు గింజ దక్కదు. ఢిల్లీ కనకాంబరం గింజ కట్టదు, కొమ్మ తెచ్చి నాటుకోవలసిందే. ఈ మొక్కకు ప్రధాన శత్రువు వేళ్లలో బుడిపెలు కట్టే నులిపురుగు. పాదులో వేపపిండి కలిపి, మధ్య మధ్య బంతి మొక్కలు వేయండి. బంతి వేళ్లు నులిపురుగును అణచివేస్తాయి. ద్రాక్ష వేళ్లకు పట్టే నులిపురుగు మీద కూడా బంతి అలాగే పనిచేస్తుంది కనుక ఒక్క బంతి వల్ల రెండు లాభాలు. అయితే తీగ మొదలుకు రెండడుగుల లోపల మాత్రం తవ్వకండి, దాని పీచు వేళ్లు పైపైనే ఉంటాయి.

ఆ బంతి ఉగాదికి పూయాలంటే సంక్రాంతి వారంలోనే గింజ చల్లాలి. నాలుగు వారాల నారును పందిరి కింద అడుగున్నర దూరంలో నాటి, మొక్క బాగా నిలదొక్కుకున్నాక తల తుంచితే పక్క కొమ్మలు వేసి గుబురవుతుంది. ఉగాది దాటి పందిరి నీడ చిక్కబడేసరికి బంతి పూత చివరికి వస్తుంది. అప్పుడు దానిని పెరికివేసి, అక్కడే పాతిపెట్టండి.

ఉదయపు ఎండ పడే అంచును గులాబికి, మందారానికి, నందివర్ధనానికి ఇవ్వండి. గులాబి గురించి ఇంతకంటే చెప్పను. ఒంగోలులో ఏప్రిల్ దాటాక గులాబి పూయాలని ఆశించడం ఆ మొక్కను హింసించడమే. దానికి అప్పుడు కావలసింది బతికుండడానికి సరిపడా నీరు, నీడ.

పూర్తి ఎండలో పెట్టవలసిన మొక్కల్లో మొదటిది మల్లె. పందిరి వేసుకున్న చాలామంది మల్లెను కూడా తెచ్చి ఆ నీడలోనే పెడతారు. అక్కడ ఆకు ఏపుగా వస్తుంది, మొగ్గ రాదు. మల్లెకు ఎండ ఎంత ఉంటే మొగ్గ అంత. ఇప్పటికే ముదిరిన పొద ఉన్నవారు డిసెంబరు చివర నుంచి జనవరి లోపల నేలకు అడుగున్నర ఎత్తులో కత్తిరించి, ఆకులు దూసి, పది పదిహేను రోజులు నీరు ఆపి, ఆ తర్వాత ఎరువు వేసి తడి ఇవ్వాలి. అప్పుడే ఫాల్గుణంలో ఒక్కసారిగా చిగురు, చిగురు చివర మొగ్గ వస్తాయి. కొత్తగా పెట్టేవారు ఫిబ్రవరి లోపల కనీసం 15 అంగుళాల కుండీలో నాటండి. మొగ్గ మీద చిన్న రంధ్రం, ఊదారంగు కనబడితే లోపల పురుగు ఉన్నట్టే. అటువంటి మొగ్గలను ప్రతి సాయంత్రం ఏరి వేడినీళ్లలో వేయడం అన్ని మందుల కంటే మేలైన ఉపాయం. ఆకుల అడుగున సన్నని సాలీడు గూడు లాంటిది అల్లుకుంటే ఎర్రనల్లి వచ్చినట్టు; నీటి ధారను అడుగు నుంచి గట్టిగా కొట్టండి.

డాబా మీద నాచుపూలు, బిళ్లగన్నేరు, జీనియా, కాగితం పూలు తప్ప వేసవిలో కొత్తగా ఏమీ మొదలుపెట్టకండి. కాగితం పూల తీగకు నీరు ఎక్కువైతే ఆకే తప్ప పూత ఉండదు, రెండు రోజులు వాడనిచ్చి పోయండి. ఎర్ర గన్నేరు ఎంత ఎండనైనా ఓర్చుకుంటుంది గాని దాని ఆకు, పూవు, కొమ్మ అన్నీ విషమే. మేకలు, చిన్నపిల్లలు తిరిగే ఇంట్లో వద్దు. చామంతి నాటే కాలం ఇది కాదు, జూన్, జూలై వరకు ఆగండి.

కుండీ మట్టికి రెండు పాళ్లు ఎర్రమట్టి, ఒక పాలు వర్మీకంపోస్టు లేదా చివికిన పశువుల ఎరువు, ఒక పాలు ఇసుక లేదా మాడ్చిన వరి ఊక కలపండి. బియ్యం మిల్లులు ఉన్న ఊళ్లలో ఊకకు కొదవ లేదు. డాబా మీద కుండీలను నేరుగా సిమెంటు మీద పెట్టకుండా రెండు ఇటుకల మీద నిలపండి. మే నెలలో ఆ నేల వేడికి వేళ్లు ఉడికిపోతాయి.

నీరు

ఈ రెండు జిల్లాల్లో మొక్కలు ఎండకు చచ్చేదానికంటే నీటిలోని ఉప్పుకు చచ్చేది ఎక్కువని నా అభిప్రాయం. ద్రాక్ష ఉప్పును అంతగా ఓర్వని పంట. ఆకు అంచులు మాడినట్టు గోధుమరంగుకు తిరిగి, ఆ మాడిన గీత రోజురోజుకూ లోపలికి జరుగుతుంటే, నీరు చాలలేదనుకుని ఇంకా ఎక్కువ బోరు నీరు పోసేవారున్నారు. దానితో ఉప్పు మరింత పేరుకుంటుంది. నెల్లూరు, దర్శి, కందుకూరు కృషి విజ్ఞాన కేంద్రాల్లో దగ్గరిదానికి వెళ్లి నీటి పరీక్ష ఎక్కడ చేయించాలో అడగండి. నీటిలో ఉప్పు ఎంతుందో చెప్పే ఈసీ అంకె (డెసీసీమెన్స్/మీటరు) 1 లోపు ఉంటే ద్రాక్షకు నిశ్చింత.

ఇంట్లో ఆర్వో యంత్రం ఉన్నవారు అది బయటికి వదిలే నీటిని వృథా చేయడం ఇష్టంలేక మొక్కలకు పడతారు. ఆ నీటిలో బోరు నీటికంటే ఉప్పు ఎక్కువ ఉంటుంది, దానితో గిన్నెలు, వాకిలి కడగండి గాని మొక్కలకు పోయకండి. దానికి బదులు ఏసీ గొట్టం నుంచి కారే నీటిని బకెట్‌లో పట్టండి. గాలిలోని తేమే నీరయింది కనుక అందులో ఉప్పు ఉండదు, నాలుగు కుండీలకు అది చాలు. తీరపు గ్రామాల్లో ఇసుకలో తవ్విన దొరువులు ఉన్నవారు అదృష్టవంతులు: వాన నీరు తేలిక కనుక లోతున ఉన్న ఉప్పునీటి మీద తేలి ఉంటుంది, దొరువు ఆ పై నీటినే ఇస్తుంది. అదే చోట లోతుగా బోరు వేస్తే ఉప్పునీరు పైకి వస్తుంది. బోరు తప్ప దిక్కు లేనివారు రోజూ కొద్దికొద్దిగా కాక, రెండు మూడు రోజులకొకసారి నిండుగా పెట్టి, పక్షానికొకసారి ఉప్పు కిందికి దిగిపోయేలా పాదు రెండుసార్లు నింపాలి.

మార్చి నెలలో పెద్ద తీగకు ఒక తడికి మూడు నాలుగు బకెట్లు, ఏప్రిల్ నుంచి ఐదారు అవసరమవుతాయి. తెల్లవారుజామునే పెట్టండి. ఎండలో పడి ఉన్న గొట్టంలోనూ, డాబా మీది ట్యాంకులోనూ మధ్యాహ్నానికి నీళ్లు చేయి పెట్టలేనంత కాగుతాయి. పాదులను వేరుశెనగ పొట్టుతోనో, వరిగడ్డితోనో, రాలిన ఆకులతోనో నాలుగంగుళాల మందాన కప్పితే తడి సగం మిగులుతుంది, అయితే కాండానికి ఆనకుండా జానెడు ఖాళీ వదలండి, లేకపోతే చెదలు ఎక్కుతాయి.

చైత్రం నుంచి మృగశిర దాకా

ఉగాది నాటికి కాయ శనగగింజంత అవుతుంది. గుత్తి మరీ ఒత్తుగా ఉంటే చిన్న కత్తెరతో లోపలి కాయలు కొన్ని తీసి, గుత్తి చివరి భాగాన్ని తుంచండి. ఇప్పటినుంచి ఆకులు దూయవద్దు, కాయకు నేరుగా ఎండ తగిలితే ఆ వైపు గోధుమరంగు మచ్చ పడి ముడుచుకుపోతుంది. పడమటి అంచున ఆకు పలచగా ఉన్నచోట 50 శాతం నీడనిచ్చే పచ్చ వల కట్టండి; అదే వల కింద గులాబి కుండీలు కూడా సర్దుకుంటాయి.

ఏప్రిల్ చివరికి కాయ మెత్తబడి రంగు తిరగడం మొదలవుతుంది. పగలు గోరింకలు, ఉడతలు, రాత్రి గబ్బిలాలు మీకంటే ముందే రుచి చూస్తాయి కనుక, రంగు కనిపించిన వారంలోనే ప్రతి గుత్తికీ పలుచని గుడ్డ సంచి తొడిగి, మూతి వదులుగా కట్టండి. ప్లాస్టిక్ కవరు తొడిగితే లోపల చెమ్మ పట్టి కాయ కుళ్లుతుంది. ద్రాక్ష కోశాక పండదు, కాబట్టి రంగు చూసి తొందరపడకండి. గుత్తి చివరి కాయను తిని చూడండి, చివరన తీపి వచ్చిందంటే గుత్తి మొత్తానికీ వచ్చినట్టే. కోతకు వారం ముందు నీరు తగ్గించండి. మే మధ్య నుంచి నెలాఖరు లోపల, తెల్లవారుజామున, తొడిమెతో కత్తిరించి తీయాలి.

కాయ కోయగానే తీగను కత్తిరించాలని పుస్తకాలు చెబుతాయి. మన దగ్గర అది రోళ్లు పగిలే రోహిణి కార్తె. అప్పుడు పందిరిని బోసి చేస్తే కాండం బెరడు ఎండకు పగులుతుంది, కింది కనకాంబరాలు రెండు రోజుల్లో మాడిపోతాయి. మృగశిర వచ్చి ఒకటి రెండు మంచి వానలు పడేదాకా ఆగి, జూన్ రెండు, మూడు వారాల్లో ప్రతి కొమ్మకూ ఒకటి రెండు కన్నులు మాత్రమే ఉంచి కత్తిరించండి. జనవరి కత్తిరింపు తర్వాత కాపునివ్వవలసిన కొమ్మ ఈ కన్నుల నుంచే పుడుతుంది. మల్లెలో పూత తగ్గితే ఎండు కొమ్మలను తీసివేసి, కింది కొమ్మ ఒకదాన్ని వంచి, మధ్యలో బెరడు కాస్త గీకి మట్టిలో తొక్కి, పైన రాయి పెట్టండి, రెండు మూడు నెలలకు వేరు పట్టి కొత్త మొక్క అవుతుంది. కత్తిరించిన పందిరి మళ్లీ కమ్ముకోవడానికి నాలుగు వారాలు పడుతుంది కనుక, అంతవరకు కుండీల్లోని కనకాంబరాలను తూర్పు గోడ నీడకు జరిపి, నేలలో ఉన్నవాటి మీద ఆ పచ్చ వలనే తిప్పి కట్టండి.